మట్టిలోంచి తీసిన చెయ్యి

ఈ పని మానేసేనాటికి నా వయసు ముప్పై ఏడు. విశ్రాంత వైద్యుడు అని రాసుకునే వయసు కాదు. కానీ తెగిన అవయవాలను మైక్రోస్కోప్ కింద అతికించే పనికి వయసుతో సంబంధం లేదు. చెయ్యి నిలవడం మానేసిన రోజే విశ్రాంతి మొదలవుతుంది. నాకు ఆ రోజు తొందరగా వచ్చింది.

సిద్దిపేటలోని ఒక ప్రైవేటు దవాఖానలో నేను ఈ పని చేసింది తొంభైలలో కొన్నేళ్లే. ఇప్పుడు పాఠాలు చెప్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు దారం ఎంత సన్నంగా ఉంటుంది, ఒక రక్తనాళానికి ఎన్ని కుట్లు పడతాయి, శిక్షణ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో నాకు కనబడనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

రెండు చోట్ల ఉన్న మనిషి

మిగతా డాక్టర్ల దగ్గరికి రోగి వస్తాడు. మా దగ్గరికి రోగి రెండుగా వస్తాడు. మనిషి ఒక బండిలో, అతని వేలు ఇంకో బండిలో వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

తెగిన భాగాన్ని జనం ఎందులో పెట్టి తెస్తారో మీరు ఊహించలేరు. స్టీలు టిఫిన్ డబ్బాలో తెచ్చారు. పాల క్యానులో తెచ్చారు. పసుపు ముద్దలో దాచి తెచ్చారు, కిరోసిన్‌లో ముంచి తెచ్చారు. ఒక లెక్చరర్ గారు తన రెండు వేళ్లను నేరుగా ఐసు ముక్కల మధ్య పెట్టి, చాలా నమ్మకంగా తెచ్చారు. అవి గడ్డకట్టి సుద్ద ముక్కల్లా మారాయి. ఐసు తగిలిన కండ కాలిన కండతో సమానం. ఆ వేళ్లను ఆయన చేతికే తిరిగి ఇచ్చి పంపాల్సి వచ్చింది.

సరైన క్రమం ఇది. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టాలి. దాన్ని నీళ్లు దూరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు నీళ్లలో ఉంచాలి. భాగానికి చల్లదనం తగలాలి, ఐసు తగలకూడదు. అంతే.

ఇదంతా ఎందుకంటే తెగిన భాగం వెంటనే చనిపోదు. ఈ వాక్యాన్ని మొదటి తరగతిలో చెప్తే పిల్లలు తల ఊపి రాసుకుంటారు. ట్రే మీద ఒక చెయ్యి ఒంటరిగా ఉన్న గదిలో కూర్చున్నప్పుడే దాని అర్థం తెలుస్తుంది. అది చనిపోలేదు, బతికీ లేదు. గోళ్లకింద నిన్నటి పని తాలూకు మట్టి ఉంటుంది. వేలికి ఉంగరం ఉంటుంది. గోడకవతల ఆ మనిషి నీళ్లు అడుగుతుంటాడు.

మా సిస్టర్ సుగుణ రెండు అంటింపు పట్టీలు కత్తిరించి, రెండింటి మీదా ఒకే పేరు రాసేది. ఒకటి రోగి భుజానికి, ఇంకొకటి ట్రేకి. చెయ్యి అనో వేలు అనో రాసేది కాదు, పేరే రాసేది. ఆ ట్రే పక్కన ఎప్పుడూ ఒక స్టూలు ఉండేది, దాని మీద ఎవరో ఒకరు ఉండాల్సిందే. పొరపాటున ఎవరైనా పారేస్తారనే భయం ఒక కారణం. ఇంకో కారణం అడిగితే సుగుణ ఇలా అంది.

"మనిషిని ఒక్కన్నే ఇడిసిపెడ్తమా సార్?"

పెద్ద సారు

దవాఖాన యజమానిని అందరం పెద్ద సారు అనేవాళ్లం. ఎముకల డాక్టరు. పట్నంలో ఒక చెవి డాక్టరు వాడడం మానేసిన మైక్రోస్కోప్‌ను ఆయనే కొని తెచ్చారు. నన్ను మాత్రం పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "దుర్బిణి డాక్టరూ" అనేవారు.

నా ఉద్యోగం మొదట్లో బజారులో బట్టల దుకాణం నడిపే ఇంటి కొడుకు శ్రీనివాస్‌ను తెచ్చారు. షట్టర్ దించుతుంటే ఉంగరపు వేలు తెగింది. పెద్ద సారు అతన్ని చూసి నాతో, "దీని అవసరం ఆనికి ఎంతనో అడిగినవా?" అన్నారు. అడగలేదని చెప్పాను. వేలు శుభ్రంగా ఉంది, సమయం ఉంది, నాకు పని వచ్చు. అతికించాం. రక్తం చక్కగా పారింది. నేను చేసిన వాటిలో అంత అందంగా కుదిరిన కుట్లు తక్కువ.

కుట్లు మానాక శ్రీనివాస్ ఆ వేలికి చేతిరుమాలు చుట్టుకుని వచ్చాడు.

"సార్, గిది నాది గాదు."

"నీదే. నీ ఎదురుంగనే అతికించినం గదా."

"అన్నం కలుపుతుంటె పరాయోడు పళ్లెంల చెయ్యి పెట్టినట్టున్నది సార్. నేను ఎడమచేత్తోని తింటున్న. మా అమ్మ తిడుతుంది."

కొన్ని నెలలు నచ్చజెప్పాం. ఫలితం లేదు. చివరికి అతనే రాసిచ్చి ఆ వేలు తీయించుకున్నాడు. తీసిన రోజు ఎంతో తేలికపడి ఇంటికి వెళ్లాడు.

పెద్ద సారు చేతులు కడుక్కుంటూ ఒక్క మాట అన్నారు. "రక్తం దుర్బిణితోని అతుకుద్ది. మనిషి అతుక్కోవాలంటె ఇంట్లోళ్లు ఒప్పుకోవాలె, ఆడు ఒప్పుకోవాలె."

అది నాకు అప్పుడు వేదాంతంలా వినిపించింది. పని సూత్రమని తర్వాత తెలిసింది.

గడ్డి మిషన్

చిన్నకోడూరు వైపు నుంచి రాజిరెడ్డిని ఒక చలికాలపు ఉదయం తెచ్చారు. ముప్పై ఏళ్లు ఉంటాయి. బర్లకు గడ్డి కోస్తుంటే కుడిచెయ్యి మణికట్టు దగ్గర మిషన్‌లో తెగింది. పక్కింటాయన తన జీపులో వేసుకొచ్చాడు. ఎవరో బిగించి కట్టిన తువ్వాల వల్ల రక్తం ఆగింది. కోత నిటారుగా, శుభ్రంగా ఉంది. ఇలాంటి గాయం కోసమే మా విద్య.

"చెయ్యి ఏది?" అని జీపు ఆయన్ని అడిగాను.

"అది ఇంటికాన్నే ఉన్నది సారు. ఆళ్లన్న సూస్కుంటుండు."

"చూసుకునుడేంది? తేవాలె గదా."

"తెగినదాంతోని ఏం పని సారు. ఉన్నోన్ని సూడున్రి."

చెయ్యి తెమ్మని అతన్ని వెనక్కి పంపబోతుండగా రాజిరెడ్డి నన్ను పిలిచాడు. ముఖం తెల్లబడి ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది.

"సారు, జర పిడికిలి ఇప్పున్రి. గట్టిగ మూసుకున్నది. నొస్తుంది."

"ఏ పిడికిలి?"

"కుడిది."

తెగిన చెయ్యి ఉన్నట్టే అనిపించడం మామూలే. చాలామందికి ఆ లేని చెయ్యి పిడికిలి బిగించినట్టే ఉంటుంది. నాకది తెలుసు, అదే చెప్పాను. "నీ మెదడుకు ఇంకా తెల్వదు, చెయ్యి పోయిందని."

"నా మెదడుకు తెల్సు సారు," అన్నాడు రాజిరెడ్డి. "చెయ్యికే తెల్వలే."

ఇంతలో అతని అన్న సత్తిరెడ్డి స్కూటర్ మీద వచ్చాడు. వెనక తల్లి లచ్చవ్వ కూర్చుని ఉంది. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. సత్తిరెడ్డి గోళ్ల నిండా తడిమట్టి.

"చెయ్యి ఏది?"

"పెట్టినం సారు."

"ఎక్కడ పెట్టిన్రు?"

"బాయికాడ. బాపు పక్కకు."

అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. వాళ్ల ఇంట్లో చనిపోయినవాళ్లను కాల్చరు, పొలంలో పాతిపెడతారు. ఒంట్లోంచి ఏదైనా వేరైతే దాన్ని కూడా అలాగే సాగనంపుతారు. కడిగి, పసుపు పూసి, కొత్త తడిగుడ్డ చుట్టి, కొత్త కుండలో పెట్టి, మూత మీద మట్టి మెత్తి పాతిపెడతారు. ఆ మనిషి పోయాక అతన్ని కూడా అక్కడే పెడతారు.

"మా తాత కాలు పోతే గట్లనే పెట్టిన్రు సారు. ఎన్కకు తాతను గూడ గాడనే పెట్టిన్రు. చేతిల గింజలు పెట్టిన. ఉత్తచెయ్యి పంపొద్దు గదా," అన్నాడు సత్తిరెడ్డి.

"తవ్వి తీయాలె," అన్నాను. "ఇప్పుడే తీయాలె. అతికిస్తం. మల్ల పనిచేస్తది."

సత్తిరెడ్డి తల్లివైపు చూశాడు. లచ్చవ్వ బల్ల మీద కూర్చోలేదు, గోడకానుకుని నేల మీద కూర్చుంది. గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇచ్చినంక ఇచ్చినట్టే బిడ్డా. మల్ల గుంజుకుంటె భూమి ఊకుంటదా? చెయ్యి పోయిందని మిగిలినోన్ని అడుగుతది. నాకు చెయ్యిలేని కొడుకైనా సాలు. కొడుకు ఉండాలె."

నేను చాలా చెప్పాను. రక్తనాళాలు, గడువు, కండ పాడవడం. ఆమె అన్నీ మర్యాదగా విన్నది. చివరికి పక్కకు వెళ్లి పెద్ద సారుతో, అన్నను ఒప్పించి తల్లికి తెలియకుండా తవ్విద్దామన్నాను.

"చెయ్యి వస్తది," అన్నారు పెద్ద సారు. "దాన్ని ఆమె ఇంట్ల పెట్టనీయదు. ఆ చేత్తోని ఆనికి బువ్వ పెట్టదు. బట్టల దుకాణమోళ్ల పిలగాని వేలు యాదికున్నదా?"

ఎక్కడో మడిగట్టు కింద ఒక చెయ్యి తన గడువును ఖర్చుపెట్టుకుంటోంది. ఇక్కడ ఒక తల్లి కళ్లు మూసుకుని కూర్చుంది. ఇద్దరిలో ఎవరినీ నేను తొందరపెట్టలేను.

పిడికిట్లో ఏముంది

అప్పుడు రాజిరెడ్డి మాట్లాడాడు. అన్న చెప్పిందంతా మంచం మీంచి విన్నాడు.

"అన్నా, గింజలు గావే."

"ఏంది?"

"నా చేతిల ఉన్నయి. గింజలు గూడ ఉన్నయేమో. కని ఇంకోటి ఉన్నది. గుండ్రంగ ఉన్నది, సన్నగ. నడిమిట్ల గుచ్చుకుంటుంది."

"గింజలేరా. నా చేత్తోని పెట్టిన గదా. మక్కలు," అన్నాడు సత్తిరెడ్డి.

"మక్కలెట్లుంటయో నాకు తెల్వదా? గిది చల్లగున్నది. ఇనుపదో, ఎండిదో."

లచ్చవ్వ కళ్లు తెరిచింది. గోడ పట్టుకుని లేచింది. కొడుకు మంచం దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి చూసింది.

"గది ఎవ్వలు జెప్పిన్రు నీకు?"

"ఏది?"

ఆమె నావైపు తిరిగింది. "ఈనికి ఎవ్వలన్న జెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదన్నాను. ఏం చెప్పాలో కూడా మాకు తెలియదు.

"సత్తిగా, నువ్వు నీళ్లకు పోయినప్పుడు నేను మట్టె పెట్టిన," అంది లచ్చవ్వ. "నా కాలి మట్టె. మీ బాపు పోయిననాడు తీసింది. చెయ్యి ఒక్కటే పోతె అది ఎవ్వలదో ఆయనకెట్ల తెలుస్తది? మట్టె సూస్తె గుర్తుపడ్తడని పెట్టిన. ఎవ్వలకు జెప్పలే."

సుగుణ చేతిలోని ట్రేని బల్ల మీద పెట్టేసింది.

లచ్చవ్వ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, కట్టు దాకా జార్చి, అక్కడ ఆపింది. "ఈనికి తెలుస్తుందంటె అది ఇంకా సావలే. సావనిదాన్ని పెట్టినం. సత్తిగా, పోయి తియ్యి. గుంత మాత్రం ఉత్తగ ఉంచకు."

ఈ సంగతి విన్న ప్రతి డాక్టరూ నాకో వివరణ ఇచ్చారు. చుట్టిన తువ్వాల మడత నరానికి నొక్కుకుని ఉండొచ్చు. చిన్నప్పుడు తాత విషయంలో మట్టె మాట విని ఉండొచ్చు. ఊరికే అన్నది తగిలి ఉండొచ్చు. మూడూ సాధ్యమే. మొదటిదాన్ని నేనే పరీక్షించాను, మడత లేదు. రెండోదాన్ని లచ్చవ్వ కాదన్నది. మూడోది మిగిలింది. దాన్నే నేను పాఠంలో చెప్తాను.

గుంత

జీపులో సత్తిరెడ్డితో పాటు నేను వెళ్లాను. మధ్యాహ్నపు ఎండ, కోత అయిపోయిన పొలాలు, మనిషి అలికిడి లేదు. బావి పక్కన తడిగా ఉన్న గట్టు మీద రెండు పాత దిబ్బలు, వాటి పక్కన అరచేతుల గుర్తులతో కొత్త మట్టి.

జీపు ఆయన గడ్డపార తీశాడు. సత్తిరెడ్డి వద్దన్నాడు. "తాకుతది." మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తవ్వాడు. తవ్వుతూ కిందికి వంగి ఒక మాట అన్నాడు, మాతో కాదు. "వస్తున్న తమ్మీ."

కుండ బయటికి వచ్చింది. దాని ఒళ్లంతా చెమర్చి ఉంది. మూత తీస్తే పసుపు వాసన. తడిగుడ్డ విప్పాను. చెయ్యి మైనంలా తెల్లగా, చల్లగా, శుభ్రంగా ఉంది. పిడికిలి మీద గుడ్డపీలికతో ముడి వేసి ఉంది. నేను చెప్పే క్రమంలో వీళ్లు తప్పింది ఐసు ఒక్కటే. ఆ లోటును తడిమట్టి, చలికాలం తీర్చాయి. మా దవాఖానకు వచ్చిన తెగిన భాగాలన్నిటిలో బాగా భద్రపరిచి ఇచ్చింది ఇదొక్కటే, అది కూడా అంత్యక్రియలు చేసి.

చేతిని సంచిలోకి మార్చి, తెచ్చిన ఐసు నీళ్ల డబ్బాలో పెట్టి, సత్తిరెడ్డిని రమ్మన్నాను. అతను కదల్లేదు.

"మీరు పోన్రి సారు. అవ్వ గుంత ఉత్తగ ఉంచొద్దన్నది. మట్టె పంపున్రి. వచ్చేదాక నా చెయ్యి పెడ్త."

కుడిచేతిని మోచేతి దాకా గుంతలో పెట్టి, ఎడమచేత్తో చుట్టూ మట్టి లాక్కున్నాడు. జీపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఎండలో, రెండు దిబ్బల పక్కన, ఒక మనిషి చెయ్యి భూమిలో పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు.

డబ్బా నా ఒళ్లో ఉంది. కొంతదూరం పోయాక జీపు ఆయన అడిగాడు. "సారు, అది కదుల్తుందా?"

"రోడ్డు కదుల్తుంది."

"అట్లనే అనుకుందాం," అన్నాడు, వేగం పెంచుతూ.

దవాఖాన మెట్ల దగ్గర సుగుణ ఎదురొచ్చింది. "మీరు తవ్విన్రని రాజిరెడ్డి ఇందాకనే చెప్పిండు సార్. చేతికి ఎండ తాకిందన్నడు."

నేను దాని గురించి ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యి నిలవదు.

బల్ల మీద

రోగికి మత్తు ఇవ్వకముందే తెగిన భాగాన్ని వేరే బల్ల మీద సిద్ధం చేసుకోవాలి. ఇది చాలామంది పాటించరు. మత్తులో ఉన్న మనిషి పక్కన నాళాల కోసం వెతుక్కుంటూ కూర్చోవడం ఇద్దరికీ నష్టం.

ముడి విప్పి, వేళ్లు ఒక్కొక్కటిగా తెరిచాను. లోపల పసుపు అంటిన నాలుగు మొక్కజొన్న గింజలు, వాటి కింద వెండి మట్టె. అరచేతి మధ్యలో దాని గుర్తు గుండ్రంగా దిగి ఉంది. సుగుణ మట్టెను కడిగి, గుడ్డలో చుట్టి, జీపు ఆయనకిచ్చి వెంటనే పంపింది. పెద్ద సారు ఆ చేతికి పేరు పట్టీ కట్టి, ఎముకల డాక్టర్లు అనని మాట ఒకటి అన్నారు. "నడు రాజిరెడ్డి, ఇంటికి పోదాం."

పని వరస పుస్తకంలో ఉన్నదే. ఎముకను కాస్త పొట్టి చేసి తీగలతో బిగించాలి. వేళ్లను లాగే తాళ్లు కలపాలి. తర్వాత ధమనులు, సిరలు, నరాలు. కుట్టు దారం వెంట్రుక కంటే సన్నం, కిందపడితే దొరకదు. పసుపు నరాల దాకా దిగింది. మైక్రోస్కోప్ కింద అవి పత్తిపువ్వుల్లా కనబడ్డాయి. ఆ గాజులోంచి చూస్తున్నంతసేపూ నాకు మనిషి కనబడడు. రెండు గొట్టాల అంచులు, వాటి మధ్య నా సూది మొన. ఆ రోజు సూది మొన రాయిలా నిలిచింది.

ధమని మీద క్లిప్పు తీశాం. తెలుపు మీద గులాబీ రంగు మణికట్టు నుంచి మెల్లగా పాకింది. బొటనవేలు, చూపుడువేలు, చివరికి చిటికెన వేలు. చెయ్యి వెచ్చబడింది. అరచేతి మధ్యలో మట్టె గుర్తు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. చుట్టూ రక్తం చేరి, ఆ సన్నని గుండ్రం లోపలికి చాలాసేపు పోలేదు. పెద్ద సారు బొటనవేలితో దాని మీద రాస్తూ కూర్చున్నారు. అది చెరిగేసరికి కిటికీ అవతల చీకటి పడింది.

సత్తిరెడ్డి అప్పుడే వచ్చాడు. మోచేతి దాకా మట్టి ఎండిపోయి ఉంది. మట్టె చేరిందా అని అడిగాను. తలూపాడు. తర్వాత కుడిచేతి వేళ్లు ముడిచి, తెరిచి, "తిమ్మిరెక్కింది సారు. ఇప్పుడిప్పుడే నాదవుతుంది," అన్నాడు.

లచ్చవ్వ కొత్త చేతిని ముట్టుకోవడానికి మర్నాటి దాకా ఆగింది. ముట్టుకున్నాక అతికిన గీత కింద, పైన, రెండు చోట్లా ముద్దుపెట్టుకుంది. అప్పుడు నాకు ఆపరేషన్ అయిపోయిందనిపించింది.

చల్లగా ఉన్నప్పుడు

అతికిన చెయ్యి పాత చెయ్యి కాదు. దీన్ని రోగికి ముందే చెప్పండి. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, ముడుచుకున్నవి తొందరగా విప్పుకోవు. నరం మణికట్టు నుంచి వేలికొన దాకా మళ్లీ పెరగాలి, నెలల తరబడి పెరుగుతుంది. చలి అసలు పడదు.

రాజిరెడ్డికి మొదట స్పర్శ వచ్చింది అరచేతి మధ్యలో. కుట్టుకు దగ్గరి చోటు కాబట్టి అక్కడే రావాలి. గుండ్రంగా ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. ఆ తర్వాతి చలికాలం అతను ఇంకో సంగతి చెప్పాడు.

"చలి పెడితె ఎవరో పట్టుకున్నట్టుంటది సారు. పెద్ద చెయ్యి. బాపు చెయ్యి తీరుగ."

"భయమైతుందా?"

"ఏం భయం. ఎండల పెడితె ఇడుస్తడు."

దాన్ని నేను చలికి నాళాలు కుదించుకోవడం అని రాసుకున్నాను. మీరు కూడా అలాగే రాసుకోండి. కానీ రోగి చెప్పేది చివరిదాకా విని రాసుకోండి.

అతను రెండు బర్రెలను ఆ చేత్తోనే పితికేదాకా వచ్చాడు. సంతకం మళ్లీ పెట్టాడు. గడ్డి మిషన్‌ను అమ్మేశాడు. చివరిసారి నా దగ్గరికి పరీక్షకు వచ్చింది ఒక మబ్బు పట్టిన పొద్దున.

ఆ రోజుల్లో మైక్రోస్కోప్ కింద సూది మొన అప్పుడప్పుడు కదులుతున్నట్టు కనబడేది. పరికరం చెయ్యి వదులైందని మెకానిక్‌ను పిలిపించి బిగించాం. మళ్లీ పిలిపించాం. నా చేతిని ఎన్నిసార్లు చాచి చూసినా గోడలా ఉండేది.

స్పర్శ పరీక్షకు రోగి కళ్లు మూసుకోవాలి. రాజిరెడ్డి మూసుకున్నాడు. అతని కుడి అరచేతిలో నా రెండు వేలికొనలు ఆనించి, ఒకటి తగులుతుందా, రెండా అని అడిగాను.

"రెండు," అన్నాడు. కొంచెం ఆగి, "మీ చెయ్యి వణుకుతుంది సారు," అన్నాడు.

"లేదే."

సుగుణ వంగి చూసింది. "ఏం లేదు రాజిరెడ్డి. నిమ్మలంగనే ఉన్నది."

"కండ్లకు తెల్వదు సిస్టరమ్మా." తన ఎడమచేతిని తెచ్చి నా వేళ్లకింద పెట్టి చూశాడు. "దీనికి గూడ తెలుస్తలేదు. గీ చెయ్యికే తెలుస్తుంది. సన్నగ, తేనెటీగను పట్టుకున్నట్టున్నది."

ఆ సాయంత్రం నేను చేసిన పరీక్ష చెప్తాను, మీకు పనికొస్తుంది. మైక్రోస్కోప్ కింద సూదిని బల్ల మీద ఒంటరిగా పెట్టాను. అది కదల్లేదు. అంటే పరికరం బాగానే ఉంది. అదే సూదిని సన్నని పట్టకారుతో పట్టుకున్నాను. మొన కదిలింది. మర్నాటికి ఉన్న ఆపరేషన్‌ను పట్నానికి పంపేశాం. మళ్లీ నేను ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. అప్పటిదాకా ఎవరికీ చెడు జరగలేదు. ఇంకొంత కాలం గడిచి ఉంటే ఈ మాట రాయగలిగేవాణ్ని కాదు.

కానీ ఆ పొద్దున ఇదంతా ఇంకా జరగలేదు. రాజిరెడ్డి ముఖంలోకి చూస్తూ నేను నవ్వడానికి ప్రయత్నించాను. అతను నా వేళ్లను తన కుడిచేతిలోకి తీసుకున్నాడు.

"పట్టుకుంట సారు. ఆగుతది."

ఆ చెయ్యి చల్లగా ఉంది. నా వేళ్ల చుట్టూ మెల్లగా ముడుచుకుంది. నేను కలిపిన తాళ్లు ఒక్కొక్కటిగా బిగుసుకోవడం నాకు తెలిసింది. అరచేతి మధ్యలోని ఆ చోటు నా చూపుడువేలికి ఆనింది. ఎంతసేపు ఉన్నామో తెలియదు.

"ఇగ ఇడువు రాజిరెడ్డి," అన్నాను.

"నేను ఇడిసిన సారు," అన్నాడతను, తన చేతివైపు చూస్తూ. "అదే ఇంకా ఇడుస్తలేదు. బయటికి పాండ్రి, మబ్బు ఇచ్చుకుంటుంది, ఎండొస్తది."

ఇద్దరం అలాగే వరండాలోకి నడిచి, ఎండ కోసం నిలబడ్డాం.